బండలాంటి చర్మం

నా అరచేతుల చర్మం బేతంచెర్ల నాపరాయి. సున్నానికి కాలదు, యాసిడ్‌కు కరగదు. ఓర్వకల్లు ఎండలో, నడిమధ్యాహ్నం, కాలే బండలను ఉత్త చేతులతో ఎత్తి లారీలు నింపినవాణ్ణి. కళ్ళు మూసుకుని తడిమి ఏ పలక పాలిషు ఎంతో చెప్పేవాణ్ణి.

మెచ్చుకోబోయేవాళ్ళు కాస్త ఆగాలి. లారీలు నింపింది కూలీలు. నేను నీడలో కుర్చీ వేసుకుని కేకలేశాను. పాలిషు సంగతి మాత్రం సగం నిజం.

పోయిన ఎండాకాలం కూతురు కాన్పుకు ఇంటికొచ్చింది, మనవరాలు పుట్టింది. మా బండల షెడ్డులో ఒక అలవాటుంది. చేతికంటిన గ్రీజు పోవడానికి, పాలిషు మిషను కింద పేరుకున్న రాతిబురదలో బట్టల సబ్బుపొడి కలిపి రుద్దుకుంటాం. పాపను ఎత్తుకునే చేతులు తళతళలాడాలని నేను పూటపూటా, పలకకు పాలిషు పెట్టినట్టు రుద్దాను. అరచేతులు ఎర్రబడ్డాయి, పొడిబారాయి, చివరికి పగిలి నెత్తురు కారింది. అయినా ఎత్తుకోబోయాను. నా వేలు గీరుకుని పాప కెవ్వుమంది.

"నాయనా, చెయ్యి తియ్యి! ఆకురాయితో తోముతాండావా బిడ్డను? అవి మానేదాకా దీన్ని ముట్టుకోవద్దు," అంది కూతురు.

ఆ మాటకు తట్టుకోలేక కర్నూలులో చర్మం డాక్టరమ్మ దగ్గరికి పరుగెత్తాను. బండ గీరుకుందన్నాను. ఆమె చేతులు తిప్పి చూసింది.

"దేంతో రుద్దుతాండావు తాతా?"

చెప్పక తప్పలేదు.

"నీ షెడ్డు లెక్కలోనే చెప్తా విను. పైచర్మంలో కణాలు బండలనుకో. మధ్యలో సిమెంటు ఏమంటే కొవ్వు. సెరమైడ్లు, కొలెస్ట్రాలు, ఇట్లాంటివి. ఆ సిమెంటు నువ్వు కడిగేసినావు."

సిమెంటు పోగానే లోపలి నీరు ఆవిరై పోతుందట. పైపొర కణాల చుట్టూ ఉండే కాల్షియం తగ్గుతుంది. కణాలకు అదే కబురు. నిమిషాల్లోనే అవి దాచుకున్న కొవ్వు సంచులను పగుళ్ళలోకి ఒంపేసి, తర్వాత గంటల తరబడి కొత్త కొవ్వు తయారుచేస్తాయి. పనిలో పనిగా సైటోకైన్లనే ప్రోటీన్లనూ వదులుతాయి. అవి దండోరా లాంటివి. కాసేపు మోగితే మరమ్మతు సాగుతుంది, ఆగకుండా మోగితే ఎరుపు, మంట, దురద అక్కడే కాపురం పెడతాయి. నేను చేసింది అదే, ఆరని సిమెంటును గీకుతూ దండోరా వేయించడం.

"వయసులో ఉండేటోళ్ళకు తొందరగా పూడుతుంది. నీకు నిదానమే. సబ్బుపొడి మానెయ్, చేతులు తడి ఆరకముందే ఈ ఆయింట్‌మెంటు పూసుకో," అంది.

బండలు పరిపించినవాణ్ణి, సిమెంటు గట్టిపడేదాకా కాలు పెట్టకూడదని నాకొకరు చెప్పాలా! నియమం పట్టాను. ఒక్క పూట తప్పలేదు. పగుళ్ళు పూడాయి. పాపను నేనే దర్జాగా అడిగి తీసుకున్నాను. నా వేలు పట్టుకుని నిద్రపోయింది.

ఇదంతా రాసి మా ఆవిడకు చదివి వినిపించాను.

"ఏమయ్యా, ఒక్క పూట తప్పలేదా? ఆ ట్యూబు మూత గూడా తియ్యలేదు నువ్వు. నువ్వు గురక పెడతాంటే పూసింది నేను. సబ్బుపొడి డబ్బా దాచిపెట్టింది నేను. ఇంగ దర్జా యాడిది? 'ఒక్కసారి ఇయ్యమ్మా' అని కూతురి ముందర కండ్లనీళ్ళు పెట్టుకుంటివి. చూడలేక ఇచ్చింది."