మంచం కింద బియ్యం

ఈ మాట ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకు కూడా. పెళ్లయిన కొత్తలో ఒకసారి చెప్పబోయాను. నోటిదాకా వచ్చింది. తీరా నోరు తెరిచి, కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగాను. మీరు నన్ను ఎరగరు. నేను మిమ్మల్ని ఎరగను. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. ఇదంతా చదివి, ఇంతేనా అనుకుంటారేమో. నేనూ అలా అనుకోవాలని చాలాసార్లు చూశాను. కుదరలేదు.

రెండు వేల పదకొండులో నేను చిక్కడపల్లిలో రాజమణి పెద్దమ్మ ఇంట్లో ఉండేదాన్ని. గ్రూప్స్ పరీక్షల కోసం ఊళ్ల నుంచి వచ్చిన ఆడపిల్లలం ఎనిమిది మందిమి. పగలంతా అశోక్‌నగర్‌లో కోచింగ్, లేదంటే లైబ్రరీ. పెద్దమ్మకు భర్త పోయాడు, కూతురు కవాడిగూడలో కాపురం ఉంటుంది. పాత ఇంట్లో మూడు గదులు మాకు కిరాయికిచ్చి, తానే వండి పెట్టేది. ఆ ఇంట్లో పద్ధతి ఒకటే. ఎవరి ఊరి నుంచి బియ్యం వచ్చినా వంటింట్లో పెద్ద డబ్బాలో పోసేయాలి. అందరికీ ఒకే అన్నం.

పొద్దున్నే స్నానం చేసి, వంటింటి గూట్లో ఉన్న వెంకన్న పటం ముందు నిలబడి, పక్కింటి మనిషితో మాట్లాడినట్టు గట్టిగా మాట్లాడేది పెద్దమ్మ. "సామీ, గ్యాస్ అయిపోవొచ్చింది, జర చూడు." "సామీ, కవితకు జరం తగ్గుతలేదు, నువ్వేం జేస్తున్నవ్?" అదే ఆమె పూజ. మేము గదుల్లో దుప్పట్లు నోటికడ్డం పెట్టుకుని నవ్వుకునేవాళ్లం.

తెలంగాణ కోసం సమ్మె మొదలైంది. బస్సులు ఆగిపోయాయి. ఊళ్ల నుంచి బియ్యమూ ఆగింది, డబ్బూ ఆగింది. దసరాకి కూడా ఎవరం ఇంటికి వెళ్లలేకపోయాం.

సమ్మెకు సరిగ్గా ముందురోజు మా నాన్న, ఊరి నుంచి వచ్చే కూరగాయల వ్యానులో నాకు బియ్యం పంపాడు. ఇరవై అయిదు కిలోలు. వ్యాను వచ్చేసరికి మిగతా అమ్మాయిలంతా లైబ్రరీలో ఉన్నారు. పెద్దమ్మ గుడికి వెళ్లింది. సంచిని ఈడ్చుకుంటూ లోపలికి తెచ్చాను. వంటింట్లోకి తీసుకెళ్లాలి. తీసుకెళ్లలేదు. నా మంచం కిందికి తోసి, మీద పాత చున్నీ కప్పాను.

ఎందుకు? నన్ను నేనే ఎన్నిసార్లు అడిగానో. సమ్మె ఎన్నాళ్లుంటుందో తెలియదు, పరీక్షలు దగ్గర పడుతున్నాయి, ఎనిమిది మందికి పోస్తే వారంలో అయిపోతుంది, నాకొక్కదానికైతే రెండు నెలలు వస్తుంది. ఇలా అనుకున్నాను. వండుకోవడానికి నాకు పొయ్యి లేదు. గిన్నె కూడా లేదు. ఆ సంగతి నాకు అప్పుడు తట్టనే లేదు! భయం మనిషిని ఎంత తెలివితక్కువ చేస్తుందో చూడండి.

నాలుగో రోజు పెద్దమ్మ గది ఊడవడానికి వచ్చింది. చీపురు సంచికి తగిలింది.

"ఏమున్నయే బిడ్డా గీ సంచిల?"

"పుస్తకాలు పెద్దమ్మా."

వంగి, రెండు చేతులతో సంచిని ఇవతలికి జరిపింది. వంటింట్లోకి వెళ్లి తాను కూర్చునే పీట తెచ్చింది. సంచిని దాని మీదికెక్కించి, మళ్లీ మంచం కిందికి నెట్టింది.

"నేల చెమ్మ పట్టి ఖరాబైతయి. సదువుకో తల్లీ."

అంతే అంది. వెళ్లిపోయింది. ఆ రోజు నుంచి నేల మీదే కూర్చుని కూరగాయలు తరిగింది.

ఏళ్ల తరబడి బియ్యం చెరిగిన చేతులు. ఆ చేతులకు తెలియలేదా? తెలిసే ఊరుకుందా? నాకు తెలియదు. తెలియలేదనే అనుకోవాలని ఉంటుంది. తెలిసి ఉంటే బాగుండుననీ ఉంటుంది.

మూడు వారాలు గడిచాయి. రెండు పూటల అన్నం ఒక పూటైంది. రెండో పూట ఉప్మా అయి, ఉప్మా జావ అయింది. పొద్దున మాటలు మాత్రం మారలేదు. "సామీ, ఎనిమిది మంది ఆడపిల్లలు. డబ్బా అడుగు కనబడ్తున్నది. రేపటి గురించి నేను ఆలోచిస్తలేను. అది నీ పని." గోడకు ఇవతల, ఆ బియ్యం మీదే వేసిన మంచం మీద పడుకుని నేను వినేదాన్ని. "దేవుడు బియ్యం పంపుతడా ఏంది?" అని నా గదిలో ఉండే కవిత గుసగుసగా అనేది. నేనూ ఆమెతో కలిసి నవ్వేదాన్ని. నవ్వాను. అది కూడా చెప్పాలి కదా.

దసరా వెళ్లిన వారంలో ఒక రోజు డబ్బా పూర్తిగా ఖాళీ అయింది. పదకొండు గంటలకు పెద్దమ్మ పొయ్యి వెలిగించి ఎసరు పెట్టింది.

"బియ్యం లేకుంట ఎసరెందుకు పెద్దమ్మా?" అంది కవిత.

"వచ్చినంక పెడితే ఆలస్యమైతది గద."

అప్పుడు లేవాల్సింది నేను. ఎసరు కాగాక లేద్దాం అనుకున్నాను. కాగింది. గిన్నె మూత ఎగిరెగిరి పడుతోంది. ఇన్నాళ్లూ ఎందుకు దాచావంటే ఏం చెప్పాలి? పెద్దమ్మ ఇంకో చెంబు నీళ్లు పోసింది. ఈసారి కాగాక లేద్దాం అనుకున్నాను. మళ్లీ కాగింది. మళ్లీ ఒక చెంబు. అలా మధ్యాహ్నం రెండైంది.

వీధిలో ట్రాలీ ఆటో హారన్ మోగింది. పట్టు పంచె కట్టుకున్న పెద్దమనిషి ఒకాయన దిగాడు. భుజాల మీద తలంబ్రాలు ఇంకా అంటుకునే ఉన్నాయి.

"అక్కా, నారాయణగూడ ఫంక్షన్ హాల్ల మా మేనకోడలు పెండ్లి. బస్సుల్లేక సుట్టాలు సగం మంది గూడ రాలే. వండిందంత అట్లనే ఉన్నది. ఈడ సదువుకునే పిల్లలున్నరన్నరు. తింటరా?"

పెద్దమ్మ ఆటోలోకి తొంగి చూసింది. బగారన్నం, గుత్తి వంకాయ, పప్పు, పులిహోర, బుట్టల్లో లడ్డూలు. వాటి వెనక, వండకుండా మిగిలిన రెండు బస్తాల బియ్యం. వంటింటి వైపు తిరిగి, వీధంతా వినపడేలా అరిచింది.

"నేనడిగింది బియ్యం సామీ! నువ్వు పెండ్లినే పంపినవా? మరీ గింత అతి జేస్తవేంది!"

నవ్వింది. బిత్తరపోయి చూసిన ఆయనా నవ్వాడు. ఆ తర్వాత ఎవరూ ఆగలేదు. గంగాళాలు దింపే సరికి పక్క సందులో హాస్టళ్ల అబ్బాయిలు వచ్చారు. వాళ్లు ఫోన్లు చేస్తే అశోక్‌నగర్ నుంచి ఇంకో యాభై మంది వచ్చారు. సందంతా వరుసలు కట్టి కూర్చున్నారు. విస్తళ్లు చాలకపోతే పెద్దమ్మ స్టీలు పళ్లేలు, మూతలు, చివరికి టీ ట్రే కూడా బయటికి వచ్చాయి. ఎవరో పాట అందుకున్నారు. కవిత వడ్డిస్తూనే ఆడింది. మూడు వారాలుగా సగం కడుపుతో ఉన్న మొహాలు ఎలా వెలిగిపోయాయో! నేను మూడుసార్లు వడ్డించుకున్నాను. నాలుగు లడ్డూలు తిన్నాను. నా జీవితంలో అంత సంతోషమైన మధ్యాహ్నం ఇంకోటి లేదు. నా పెళ్లి కూడా దాని తర్వాతే. అబద్ధం చెప్పను, ఆ కాసేపు సంచి గుర్తే రాలేదు.

సమ్మె ముగిసేదాకా ఆ రెండు బస్తాలూ సరిపోయాయి.

బస్సులు తిరగగానే నా సంచిని ఊరికి మోసుకెళ్లాను. అప్పటికే పురుగు పట్టింది. పట్నంలో బియ్యం ఎక్కువైనయి అని అమ్మకు చెప్పాను. అమ్మ చెరిగి చూసి, కోళ్లకు వేసింది. పీటను మాత్రం తుడిచి వంటింట్లో పెట్టాను. పెద్దమ్మ దాని మీద కూర్చుంది. కూరగాయలు ముందుకు లాక్కుంది.

పెద్దమ్మ నమ్మకం ఎంత గొప్పదో అని అందరూ చెప్పుకుంటారు. నాకు మాత్రం ఇంకో సంగతి తెలుసు. ఆమె అడగకముందే దేవుడు పంపాడు. మా నాన్న చేత, కూరగాయల వ్యానులో, ఆమె పొయ్యికి పన్నెండు అడుగుల దూరం దాకా పంపాడు. ఆ పన్నెండు అడుగులు నాకు వదిలాడు. నేను దాటలేదు. పాపం, ఆయన మళ్లీ మొదటి నుంచి ఏర్పాట్లు చేసుకోవాల్సి వచ్చింది. నా మీద కోపంతో నా పళ్లెంలో ఒక లడ్డూ తగ్గించాడా? అదీ లేదు.

రెండు వేల పద్నాలుగులో ఉద్యోగం వచ్చాక కవాడిగూడకు వెళ్లాను. పెద్దమ్మ అప్పటికి కూతురి దగ్గరే ఉంటోంది. చెప్పాలనే వెళ్లాను. నన్ను చూడగానే మనవరాలిని పిలిచి, ఆ పెళ్లి భోజనం కథంతా మొదలుపెట్టింది. "టీ ట్రేల గూడ తిన్నరే!" అంటూ చేతులూపుతూ చెప్పింది. మధ్యలో ఎలా ఆపను? ఇంత అన్నం తిని వచ్చేశాను.

క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. అది మీ చేతిలో లేదు. ఆమె క్షమించేస్తుందని నాకు తెలుసు, అందుకే ఆమెనూ అడగలేదేమో. దాచాను. అబద్ధం చెప్పాను. ఎసరు రెండుసార్లు కాగినా కదలకుండా కూర్చున్నాను. చెప్పేశాను.

ఆ మధ్యాహ్నం గుర్తొచ్చినప్పుడల్లా నవ్వొచ్చేది. వెంకన్నను వీధిలో నిలబెట్టి తిట్టిన పెద్దమ్మ, పట్టు పంచెలో బిత్తరపోయిన ఆ పెద్దమనిషి. కానీ ఆ నవ్వు ప్రతిసారీ సగంలోనే ఆగిపోయేది. ఇవాళ ఇది రాస్తూ, ఒక్కదాన్నే కూర్చుని, చివరిదాకా నవ్వాను.