అంగిట్లో చింతగింజ

మా పాప ఆవులించినప్పుడల్లా భయంగా నోట్లోకి తొంగిచూస్తాను. అప్పుడు మా యూనివర్సిటీ లైబ్రరీలో పుస్తకాలిచ్చే పెద్దామె గుర్తొస్తుంది. మాట మధ్యలో ఆగి, కళ్లు సగం మూసి, నాలుకతో అంగిలి తడుముకునేది. ఏదో పాత పాట గుర్తుచేసుకుంటోందనుకునేదాన్ని.

ఒకరోజు అడిగాను.

"గీడ చింతగింజంత గడ్డ ఉన్నది బిడ్డా. రెండేండ్లాయె. నొప్పయితే లేదు."

"పళ్ల డాక్టరుకు చూపించుకున్నావా పెద్దమ్మా?"

"పై పండ్లన్నీ ఊడినయి. ఇగ పండ్ల డాక్టర్‌తోని ఏం పని?"

నవ్వలేకపోయాను. తార్నాకలో డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్లాను. అంగిట్లోని చిన్న లాలాజల గ్రంథిలో పెరిగిన గడ్డట. ఇంకా ఆలస్యమైతే క్యాన్సరవుతుందేమోనని, వెంటనే తీసేశారు.

నెల తర్వాత కౌంటర్ దగ్గర ఆమె నాలుక మళ్లీ పైకి వెళ్లింది. అక్కడేమీ లేదు.

"మంచిగనే అయింది బిడ్డా," అంది మెల్లగా. "కానీ ఇంట్ల నుంచి ఎవరో పోయినట్టున్నది."