నడిమి రూపాయి

తాతాజీ ఆ రూపాయిని దాగలి ఇనపదిమ్మ మీద పడేశాడు. చప్పుడు వినగానే ఆయన దవడ బిగుసుకుంది. వెండి రూపాయి ఇనుము మీద పడితే సన్నగా మోగుతుంది, ఆ మోత కాసేపు చెవిలో నిలుస్తుంది. ఇది సోడా మూత పడినట్టు పడింది. తీసి, ఇంకాస్త ఎత్తు నుంచి వేశాడు. మళ్లీ అదే చప్పుడు.

పార్సిల్ తెచ్చి ఇచ్చిన ప్రభుకుమార్ ఇంకా గుమ్మంలోనే ఉన్నాడు. పక్క కొట్టు అతనిదే. నలభై దాటిన మనిషి. ఫోన్లు బాగుచేస్తాడు. ఆన్‌లైన్‌లో కొనడం రానివాళ్లు వీధిలో ఎవరున్నా తన ఫోన్లోంచే తెప్పించి పెడతాడు.

"ఏటి బాబాయ్, బాగోలేదా?"

"ఆగు. తూకం సూడనీ."

కాటా మీద పెడితే పదకొండు గ్రాముల అరవై ఆరు చూపించింది. పాయింటు కూడా తేడా లేదు. అది చూసి తాతాజీ కోపం ఇంకా పెరిగింది.

బస్సు కాంప్లెక్సు వెనక వీధిలో ఆయనది ముప్పై ఐదేళ్ల వెండిపని. పట్టీలు, మెట్టెలు, మొలతాళ్లు చేసేవాడు. కొత్త నగలకి జనం పెద్ద షాపులకి వెళ్లడం మొదలెట్టాక ఆయనకి మిగిలినవి ఎక్కువగా అతుకుపనులే. నోరు మంచిది కాదని అందరూ అంటారు గానీ, చేతి మీద మాత్రం ఎవరూ మాట అనలేదు.

మూడు వారాల కిందట, చింతపల్లి అవతల నుంచి సంతకి దిగిన జోగులమ్మ తన రూపాయల దండ ఇచ్చి వెళ్లింది. మొత్తం పదకొండు, తెల్లదొరల కాలం నాటి వెండి రూపాయలు. పది రాజు బొమ్మవి, నడిమిది రాణి బొమ్మది. అన్నిటికీ కొక్కేలు అరిగిపోయాయి, కొత్తవి అతికించాలి. నడిమి రూపాయికి కొక్కెం ఊడిపోతే ఆమె దాన్ని కొంగున ముడేసి తెచ్చింది. తాతాజీ ఆ ఒక్క రూపాయిని బల్ల మీది రేకు గిన్నెలో వేశాడు. తెగిన గొలుసులూ పాత పట్టీలూ, కరిగించాల్సినవన్నీ వేసే గిన్నె కూడా అదే. మర్నాడు పొద్దున్న గిన్నెలో ఉన్నదంతా మూసలోకి ఒంపి కొలిమిలో పెట్టాడు. దండ గుచ్చబోయినప్పుడు గానీ సంగతి తెలియలేదు. అప్పటికే ఆ వెండి తీగగా మారి ఎవరో పిల్ల కాళ్ల పట్టీల్లో చేరిపోయింది.

పరాయి వస్తువు ఆయన చేతిలో పోవడం అదే మొదలు. భార్య అప్పలలక్ష్మికి తప్ప ఎవరికీ చెప్పలేదు. జోగులమ్మ మళ్లీ సంతకి దిగేలోగా రాణి రూపాయి ఒకటి తెచ్చి ఆ చోట పెట్టేస్తే గొడవ ఉండదనుకున్నాడు. ఊళ్లో రెండు కొట్లలో అడిగాడు. రాజువి దొరికాయి, రాణిది దొరకలేదు. అప్పుడు ప్రభుకుమార్ ఫోన్ తీశాడు.

ఫోన్లో రాణి రూపాయలు బోలెడున్నాయి. అందులో ఒకదాన్ని కాటా మీద పెట్టి ఫొటో తీశారు. కాటా మీది అంకె పదకొండు పాయింట్ అరవై ఆరు. తాతాజీ కళ్లు ఆ అంకె దగ్గరే ఆగిపోయాయి. వాళ్ల నాన్న కాలంలో తులం రాయి అంటే రూపాయే. రాజు బొమ్మ రూపాయి ఒకటి తక్కెడ పళ్లెంలో ఎప్పుడూ ఉండేది, ఎవరి వెండైనా దాంతోనే తూగేది. అది ఇప్పటికీ సొరుగులో ఉంది. తూకం సరిపోతే రూపాయి మంచిదే అన్నది ఆయనకి మీసాలు రాకముందు నుంచీ తెలిసిన సంగతి. ధర చూస్తే, దాన్ని కరిగిస్తే వచ్చే వెండి ఖరీదు కంటే కూడా తక్కువుంది. "అమ్మినోడికి వెండి రేటు తెలీదు, బేగి కొనీ," అని నవ్వాడు కూడా. ఆ నవ్వు గుర్తొచ్చేసరికి ఇప్పుడు ఒళ్లు మండింది.

సొరుగు లాగి నాన్న రూపాయి తీశాడు. రెండిటినీ బల్ల మీద పక్కపక్కన పెట్టి గోరుతో అంచులు తడిమాడు. కొత్తది గోరుకి ఎత్తుగా తగిలింది.

"సూడు, ఎంత దళసరిగా ఉందో. తేలిక లోహం ఏసి, తూకం సరిపెట్టడానికి మందం పెంచీసినాడు."

"బాబాయ్, ఆగాగు, ఆకురాయి ఎట్టకు..."

ప్రభుకుమార్ మాట పూర్తయ్యేలోగానే ఆకురాయి అంచు మీద రెండు సార్లు తిరిగింది. తెల్లటి పూత కింద పచ్చగా ఇత్తడి బయటపడింది.

"ఇందుకా ఆగమన్నావు?"

"ఎనక్కి పంపాలంటే ఎలా ఒచ్చిందో అలాగే ఉండాల బాబాయ్."

అయినా అతను ఫొటోలు తీసి అమ్మినవాడికి పంపాడు. అరగంటకి జవాబు వచ్చింది. అతను దాన్ని తెలుగులో చెప్పాడు. వస్తువు మీద గీత పడింది కాబట్టి వెనక్కి తీసుకోరట. పార్సిల్ విప్పినప్పుడు వీడియో తీయలేదు కాబట్టి తాము పంపింది ఇదేనని నమ్మరట. ఆఖర్న చేతులు జోడించిన బొమ్మ ఒకటి పెట్టారు.

"దండం ఎట్టినాడా?" అన్నాడు తాతాజీ.

"అందరికీ ఎడతారు, బాబాయ్."

"గీటెట్టకుండా ఎండో ఇత్తడో ఆడి బాబుకైనా తెలుస్తాదేటి? దొంగ సరుకు పంపినోడు మంచోడు. అది దొంగదని పట్టుకున్నోడు సరుకు పాడుసేసినాడు. ఇదేటి రూలు?"

ప్రభుకుమార్ తల వంచి ఫోన్లో ఇంకేవో వెతికాడు. కాసేపటికి ఫోన్ ఇటు తిప్పాడు. "ఇది సూడు. రాణి సెంప మీద గీత. ఇక్కడా అదే గీత, ఇదిగో ఇక్కడా. ముగ్గురు వేరే వేరే పేర్లతో ఒకే ఫొటో ఎట్టి అమ్ముతున్నారు. ఎవడికీ అడ్రసు లేదు. కావాలంటే ఫిర్యాదు రాయొచ్చు."

"ఈ మాట ఆరోజు సెప్పాల."

"నువ్వు సూడనిచ్చినావా? కాటా అంకె సూసీసి కొనీ, కొనీ అని నా పీక మీద కూకున్నావు. పక్కకి నిలబెట్టి ఇంకో ఫొటో పంపమందామంటే, ఆడికి రేటు తెలిసిపోద్ది అన్నావు."

అది నిజమే. అంచు ఫొటో ఒక్కటి అడిగి ఉంటే మందం కళ్లకి కనిపించేది. వెండి ధర కంటే తక్కువకి వెండి ఎవడిస్తాడని ఇదే వీధిలో ఎందరికో తాతాజీయే చెప్పాడు. నమ్మకపోతే గీటురాయి చూపించి మరీ చెప్పాడు.

"ఎల్లు నీ కొట్టుకి," అన్నాడు. ప్రభుకుమార్ వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం అప్పలలక్ష్మి క్యారేజీ తెచ్చింది. పీట మీద కూర్చుని, సంగతంతా విని, ఆకురాయి పెట్టిన చోట వేలితో రాసి చూసింది.

"పూత ఎయ్యడం నీకు రాదేటి?"

తాతాజీ క్యారేజీ విప్పి గిన్నెలు పరిచాడు.

"ఎల్లుండే సంత. జోగులమ్మ ఒచ్చి అడిగితే ఏటి సెప్తావు? కరిగించీసినానంటే ఊరంతా తెలిసిపోద్ది. ఆ ఊరోళ్లు నలుగురూ కలిసే సంతకి దిగుతారు. ఇంకెవులూ నీకు వస్తువివ్వరు. మెళ్లో ఏసుకునేదే కదా, ఆకురాయి ఎట్టి సూస్తాదా?"

ఆయన అన్నం తిన్నాడు. చెయ్యి కడుక్కుని పనిలో కూర్చున్నాడు. అంచు నున్నగా రుద్ది, దళసరి తెలియకుండా కాస్త ఏటవాలు చేశాడు. కొక్కెం అతికించి, పూత వేసి, గంధకం పొగ చూపించి నలుపు పట్టించాడు. బొమ్మ మీది ఎత్తులు మాత్రం గుడ్డతో తుడిచాడు. రాణి మొహం వందేళ్లు మెడల్లో తిరిగినట్టు తయారైంది. పదకొండు రూపాయలూ ఎర్రదారానికి గుచ్చి మేకుకి తగిలించాడు.

అప్పలలక్ష్మి దండ దగ్గరికి వెళ్లి చూసింది. ఎంత చూసినా తేడా తెలియలేదు.

"ఆ అమ్మినోడి కన్నా నువ్వే బాగా సేసినావు," అంది మెచ్చుకోలుగా.

తాతాజీ ఆమె వైపు చూశాడు. ఆమె క్యారేజీ గిన్నెలు సర్దుకుంటోంది, ఆ మాటలో వెటకారం లేదు. ఆయన లేచి దండ అందుకుని ఒకసారి ఆడించాడు. రూపాయలు ఒకదానికొకటి తగిలి మోగాయి, మధ్యలో ఒకచోట తప్ప. కత్తెర తీసి దారం తెంపాడు. రూపాయలు బల్లంతా దొర్లాయి.

"ఇదేటి?" అంది అప్పలలక్ష్మి.

"నోర్ముయ్," అన్నాడు. ఆమె మీద కాదని ఆమెకి తెలుసు, అయినా క్యారేజీ విసురుగా తీసుకుని వెళ్లిపోయింది.

సంత రోజు పదకొండు గంటలకి జోగులమ్మ వచ్చింది. అరవై ఏళ్లుంటాయి. పసుపు కొమ్ముల సంచీ గుమ్మం పక్కన దింపి లోపలికి వచ్చింది. బల్ల మీద పది రూపాయలు ఒక వరసలో, ఒకటి వేరుగా ఉన్నాయి.

"గుచ్చలేదేటి?"

"నీ రాణి రూపాయి నాను కరిగించీసినాను," అన్నాడు తాతాజీ. "గిన్నెలో ఏసి మరిసిపోనాను. బదులుకి ఒకటి తెప్పించినాను. అది ఇత్తడిది. పూతేసి నీకు అంటగట్టీద్దామనుకున్నాను. ఇదే అది."

జోగులమ్మ వేరుగా ఉన్న రూపాయిని చేతిలోకి తీసుకుంది. తిప్పి చూసి, ముట్టుకోకూడనిదాన్ని పెట్టినట్టు బల్ల చివర పెట్టింది.

"అది మాయమ్మ వాళ్లమ్మది," అంది. గొంతు పెంచలేదు. "కరువొచ్చినప్పుడు అన్నీ అమ్ముకున్నారు గానీ దండ తియ్యలేదు. అత్తోరింటోళ్లు అడిగినా నాను ఇవ్వలేదు. నీకిచ్చినాను."

తాతాజీ సొరుగులోంచి నాన్న రూపాయి తీసి ఆమె ముందు పెట్టాడు. "ఇది మా నాన్న తూకం రాయి. ఎండిదే. ఉంచుకో."

"ఇదీ దొంగదేనేమో. నాకేటి తెలుసు?"

ఆ మాట ఆయన్ని ఈ కొట్లో ఎవరూ ఎప్పుడూ అడగలేదు. కోపంతో మెడ నరాలు ఉబ్బాయి. కోపం చూపించే వీలు లేదని కూడా వెంటనే తెలిసింది. రూపాయి తీసి దాగలి మీద వేశాడు. అది మోగింది. జోగులమ్మ ఆ మోత ఆగేదాకా విని, చెయ్యి చాచింది. "ఏదీ, నన్నెయ్యనీ." తనే ఇంకోసారి వేసి విన్నది.

"సరే, గుచ్చు," అంది. "నడిమిని ఎట్టకు. ఆ సివరనెట్టు. నడిమి చోటు ఒగ్గీ."

"ఖాళీగా ఒగ్గీమంటావా? బాగుంటాదేటి?"

"బాగుండదు. రాణి రూపాయి నువ్వు తెచ్చినప్పుడు గుచ్చుదువు. అందాకా ఎవులడిగినా సెప్తాను, ఇక్కడిది ఏటయ్యిందో."

ఆయన కొక్కెం అతికించాడు. ఒక వైపు ఐదు, మరో వైపు ఆరు గుచ్చి, నడుమ రూపాయి పట్టేంత దారం వదిలి, అటూ ఇటూ ముడులు వేశాడు. జోగులమ్మ మెడలో వేసుకుని, ఆ ఖాళీని వేలితో ఒకసారి తడుముకుంది. కూలి ఎంతని అడగలేదు. సంచీ ఎత్తుకుని సంతవైపు నడిచింది. తెల్లటి రూపాయల మధ్య ఎర్రదారం వీధి చివరిదాకా కనిపించింది.

తాతాజీ ఇత్తడి రూపాయి తీసుకుని పక్క కొట్టుకి వెళ్లాడు. ప్రభుకుమార్ ఎవరిదో ఫోన్ విప్పుతున్నాడు.

"ఆడి మీద ఫిర్యాదు ఎక్కడో రాయొచ్చన్నావు కదా, రాయి. ఆ మూడు పేర్లూ రాయి. ఒకే ఫొటో అని రాయి. నా పేరూ కొట్టూ రాయి."

"డబ్బులు రావడం కష్టం, బాబాయ్."

"డబ్బులెవుడడిగినాడు? రాయి. ఆకురాయి నానే ఎట్టినానని రాయి. అసలు రూపాయి నానే కరిగించీసినానని, తర్వాత ఈ ఇత్తడికి పూతేసినానని కూడా రాయి."

"అవెందుకు? ఆళ్లకి అనవసరం కదా."

"నువ్వు రాయి," అన్నాడు తాతాజీ. స్టూలు లాక్కుని అతని ఎదురుగా కూర్చున్నాడు.