అయిదున్నరకు లేచే కంప్యూటర్

నా భార్య పోయి నాలుగు నెలలైంది. ఆమె చేత కంప్యూటర్లు బాగుచేయించుకున్నవాళ్ళు ఉప్పల్ నుంచి మల్కాజిగిరి దాకా ఉన్నారు. అందరికీ కబురు చేయలేకపోయాను. ఆమె ఫోన్ ఇంకా మోగుతూనే ఉంది. అందుకే ఇది రాస్తున్నాను.

పోయిన వారం ఒకతను చేశాడు.

"అక్క లేదా సార్? సిస్టం ఆన్ చేస్తే కుయ్ కుయ్ అంటుంది. స్క్రీన్ మీద ఏం వస్తలేదు."

అక్క పోయిందని చెప్పాను. "అయ్యో" అన్నాడు. పెట్టేస్తాడనుకున్నాను. పెట్టలేదు. గంటలో అతనికి ఆన్‌లైన్ ఇంటర్వ్యూ ఉందట. ప్లగ్గు తీసేసి, లోపలున్న ర్యామ్ కార్డు బయటికి లాగి, దాని బంగారు రంగు అంచును పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, మళ్ళీ బిగించమన్నాను. ఆమె అందరికీ చెప్పే మొదటి చిట్కా అదే. పావుగంటకు మళ్ళీ చేశాడు. "వచ్చింది సార్!" అన్నాడు. వెంటనే, సంతోషపడినందుకు సారీ చెప్పాడు.

ఆమె ఉప్పల్‌లో ఒక డిగ్రీ కాలేజీ కంప్యూటర్ ల్యాబ్ చూసుకునేది. సాయంత్రమైతే నాచారంలో మా ముందుగదే ఇంకో ల్యాబ్. నేను ఆమెకు మేనబావను. ఫ్యాక్టరీలో స్టోర్స్ చూసేవాణ్ణి. ముందుగదిలో మాత్రం నా పని టార్చి పట్టుకోవడం.

"బావా, లైటు నా మీద గాదు, బోర్డు మీద కొట్టు," అనేది.

ఏం కొనాలని అడిగినవాళ్ళకు ముందు జవాబు చెప్పేది కాదు, ప్రశ్న వేసేది. కూతురు బీకాంలో చేరినప్పుడు పైయింటాయన, రంగురంగుల దీపాలు వెలిగే పెద్ద ల్యాప్‌టాప్ బొమ్మ ఉన్న కాగితం పట్టుకొచ్చాడు.

"దీంట్ల బిడ్డ ఏం జేస్తదన్నా?"

"అకౌంట్స్ నేర్చుకుంటదంట."

"మరి గీ లైట్లేంది? దీపావళికా?"

ఆయన నవ్వాడు గానీ బొమ్మ మాత్రం మడిచి పెట్టలేదు. ఆమె వాళ్ళింట్లో మూలకున్న డెస్క్‌టాప్ తెమ్మంది. పాత హార్డ్ డిస్క్ తీసి, దానికంటే చాలా వేగంగా పనిచేసే ఎస్ఎస్‌డీ వేసింది, ర్యామ్ పెంచింది. ఆ అమ్మాయి మూడేళ్ళూ దాని మీదే చదివింది. "పాతదని పారెయ్యొద్దన్నా. ఏడ ఆగుతదో చూడాలె," అంది ఆయనతో.

ఎదురింటి పెద్దాయన, రిటైరైన గుమాస్తా, ఒకసారి ఫోన్ చేసి మెషీన్ చచ్చిపోయిందన్నాడు.

"ప్లగ్గు చూసినవా మామా?"

"నేనేమన్న పిచ్చోణ్ణా?"

"పిచ్చోళ్ళు చూస్తరు మామా. తెలివైనోళ్ళే చూడరు."

ప్లగ్గే. డిస్క్ టక్కుటక్కుమంటోందని ఏడుస్తూ వచ్చిన ఒకావిడతో మాత్రం నవ్వలేదు. "మాటిమాటికి ఆన్ చెయ్యకు. ముందు ఫోటోలు కాపీ జేసుకుందాం. తర్వాత ఏడుద్దువు," అంది. తన రోగం గురించి డాక్టరుకు చెప్పినప్పుడూ అంతే. ఏది ఎప్పుడు మొదలైందో, దేని తర్వాత ఏది వచ్చిందో, కాగితం మీద వరసగా రాసుకుని వెళ్ళింది.

మా కంప్యూటర్ ఆమె బిగించిందే. మొదట్లో అది తెరుచుకోవడానికి పది నిమిషాలు పట్టేది. అందుకని రోజూ పొద్దున అయిదున్నరకు దానంతటదే ఆన్ అయ్యేలా సెట్టింగ్ పెట్టింది. ఎస్ఎస్‌డీ వేశాక ఆ అవసరం పోయింది. తీసెయ్యరాదా అన్నాను.

"ఇంట్ల ఒక్కరన్న టైముకు లేస్తున్నరు. లెవ్వనీ బావా."

పదకొండో రోజు అయ్యాక చుట్టాలు వెళ్ళిపోయారు. మర్నాడు పొద్దున ముందుగదిలో ఫ్యాన్ తిరిగిన చప్పుడు, ఒక బీప్. ఆమె లేచిందనుకున్నాను. తర్వాత గుర్తొచ్చింది. నాలుగు నెలలూ అలాగే. బీప్‌కూ గుర్తు రావడానికీ మధ్య ఒకటి రెండు క్షణాలుండేవి. వాటి కోసమే పడుకునేవాణ్ణి.

మొన్న ట్రాన్స్‌ఫార్మర్ మార్చడానికి మా వీధిలో పగలంతా కరెంటు తీశారు. మర్నాడు బీప్ రాలేదు. ఏడింటికి మెలకువ వచ్చింది. కారణం నాకు తెలుసు. లోపల బోర్డు మీద రూపాయి బిళ్ళంత బ్యాటరీ ఒకటి ఉంటుంది. అది అయిపోయి, కరెంటు కూడా పోతే, మెషీన్ తేదీనీ సెట్టింగులనూ మరిచిపోతుంది. ఆమె ఎందరికో ఆ బ్యాటరీ మార్చింది. మా దానికి మార్చే వీలు ఆమెకు దొరకలేదు.

ఉప్పల్ వెళ్ళి కొత్తది తెచ్చి వేశాను. ఆన్ చేస్తే తేదీ పెట్టమంది. తెర మీద ఉన్నది దాన్ని బిగించిన ఏడాది. ఆమె నేల మీద పేపర్లు పరుచుకుని, స్క్రూలు గిన్నెలో వేసుకుని కూర్చున్న ఏడాది. సరిదిద్దాలంటే ప్లస్ కీ నొక్కాలి. ఒక్కో నొక్కుకు ఒక్కో ఏడు ముందుకు పోతుంది.

నొక్కాను. ఆమె ఉద్యోగం పర్మనెంట్ అయిన ఏడు. మా అత్త పోయిన ఏడు. అందరూ ఇళ్ళల్లోంచే పనిచేసిన ఏడు. అప్పుడు ఆమె ఫోన్‌లోనే సగం నాచారాన్ని బాగుచేసింది. నిరుడు. ఇంకొక్కసారి నొక్కితే ఈ ఏడు, ఆమె వెళ్ళిపోయిన ఏడు.

వేలు కదల్లేదు.

నెల, రోజు సరిగ్గానే పెట్టాను. అయిదున్నర పెట్టాను. ఏడాది నిరుటిదే ఉంచి సేవ్ చేశాను. తేదీ తప్పుంటే చాలా సైట్లు తెరుచుకోవని తెలుసు. నెట్ వైరు కూడా పీకేశాను. అది ఉంటే మెషీన్ అసలు తేదీ తెలుసుకుంటుంది. ఆమె చూస్తే, "ఏంది బావా గీ పని?" అనేది.

పొద్దున ఫ్యాన్ తిరిగింది. బీప్ వచ్చింది. నేను కళ్ళు తెరవలేదు. ఆమె ఉన్నప్పుడు, ఆ వెంటనే వంటింట్లో గ్యాస్ లైటర్ టక్కుమనేది. ఒకసారి, రెండుసార్లు. మూడోసారికి అంటుకునేది.