అద్దె సైకిల్‌కు సొంత గొలుసు

రాజపాళయం రైలుకు టైమైపోతోంది. అది తప్పితే మళ్లీ రేపే. చెన్నైలో ఆ సాయంత్రం ఒక్క ఆటో ఆగలేదు. మెట్రో స్టేషన్ బయట అద్దె సైకిళ్ల స్టాండ్‌లో ఒక్కటే మిగిలి ఉంది. ఫోన్‌తో స్కాన్ చేస్తే లాక్ తెరుచుకుంది గానీ సైకిల్ కదల్లేదు. ఎవరో సొంత గొలుసుతో దాన్ని స్తంభానికి కట్టి, తాళం వేసుకుని పోయారు!

నేను గొలుసు గుంజుతుంటే భుజాన తుండుతో ఒక పెద్దాయన పరుగున వచ్చాడు.

"ఇదు ఉంగ సైకిలా?" అని, ఇది మీదేనా అన్నట్టు తమిళంలో అరిచాను.

ఆయన తాళంచెవి కోసం కంగారుగా జేబులు తడుముకుంటూ, "సావి ఏడ పెట్టినానో" అని గొణిగాడు. అది మా రాజపాళయం తెలుగు.

"అందరి సైకిల్ని ఎందుకు కట్టేసినారు తాతా? నా రైలు పోతుంది!"

"పొద్దున దీంట్లోనే వచ్చినాను అమ్మా. ఊర్లో మిల్లు స్టాండ్‌లో కట్టి కట్టి అలవాటు. తిరిగొస్తే ఇది ఉండద్దా?"

తాళం తీశాడు. తుండుతో సీటు తుడిచి, హ్యాండిల్ నా చేతికిచ్చాడు.

"ఎడమ బ్రేకు సరిగా పట్టదు. చూసి పో."

రైల్వేస్టేషన్ దగ్గర సైకిల్ని స్టాండ్‌లో పెట్టి లాక్ వేశాను. లోపల రైలు కూత వేసింది. పరుగెత్తబోయి, వెనక్కి తిరిగి, చున్నీతో సీటు తుడిచాను.