తెల్ల పేలికకి ఎర్ర ఇంటు

నిన్న మనవరాలి మూడో తరగతి వర్క్‌బుక్ తెరిచాను. 'అమ్మ ఆరేసిన బట్టలు గబగబా లోపలికి తెచ్చింది. ఎందుకు?' అని ప్రశ్న. 'బొగ్గు గుట్టల వైపు నుంచి గాలి వచ్చింది' అని రాసింది పిల్ల. టీచరు ఎర్ర సిరాతో ఇంటు కొట్టి, పక్కన 'వాన వచ్చింది' అని రాసింది.

పోర్టు బొగ్గు గుట్టల పక్కన, మల్కాపురంలో నాతో పెరిగినవాళ్లు చెప్పండి, ఆ జవాబులో తప్పేముంది? గాలి ఎటు నుంచి వీస్తోందో తెలియడానికి మన డాబాల మీద బట్టల తీగకి తెల్ల గుడ్డ పేలిక కట్టేవారు, గుర్తుందా? వడియాలు పెట్టిన రోజు అమ్మ నన్ను అక్కడ కాపలా పెట్టేది.

"ఒరే, పేలిక ఎటేపు ఎగురుతంది?"

"గుట్టలేపు నుంచి మనేపేనే అమ్మా."

"మరి సూస్తా కూకున్నావేటి? వడియాలు లోపలెట్టు. రేపు బొగ్గు నువ్వు నముల్తావా?"

కారణం, ఫలితం అనే మాటలు తెలియకముందే ఆ రెండూ మన పళ్ల కింద కరకరలాడాయి.

పెళ్లయ్యాక మా ఆవిడా మా తీగకి పేలిక కట్టింది. మనవరాలికి గాలి చూడడం నేర్పింది ఆవిడే. దగ్గుతూనే నేర్పింది. పోయి ఏడాదైంది.

"తాతా, అమ్మమ్మ తప్పు చెప్పిందా?" అని అడిగింది పిల్ల.

కళ్లతో చూసింది రాస్తే తప్పట. పుస్తకంలో కురిసిన వాన ఒప్పట. ఏం చదువు ఇది?

ఆవిడ కట్టిన పేలిక ఇంకా తీగకే ఉంది. నల్లబడిపోయింది. రేపు దాన్ని విప్పి, పిల్లతో పాటు బడికి పట్టుకెళ్తున్నాను. ఇది ఏ వానకి తడిసి ఇలా అయిందో టీచరే చెప్పాలి.