బొడ్డు దగ్గరి గాయాన్ని దాచిన నాలుగు రోజులు

సహోదరులారా, సహోదరీలారా, పోయిన నెల ఇదే చోట నిలబడి నేను మీకు ఒక అబద్ధం చెప్పాను. పిత్తాశయంలో రాళ్లకు కీహోల్ ఆపరేషన్ చేయించుకుని, వారం తిరగకముందే ఆరాధనకు వచ్చి, పూర్తిగా స్వస్థపడ్డానని సాక్ష్యమిచ్చాను. మీరంతా చప్పట్లు కొట్టి దేవుణ్ణి స్తుతించారు. అప్పటికే బొడ్డు దగ్గరి కుట్టు ఎర్రబడి, ముట్టుకుంటే వేడిగా ఉంది.

మర్నాడు చీము మొదలైంది. పొట్ట మీద నాలుగు చిన్న గాట్లలో మూడు చక్కగా మానాయి, ఆ ఒక్కటే మొండికేసింది. చీము వచ్చినా, జ్వరం వచ్చినా వెంటనే రమ్మని డాక్టరుగారు చెప్పే పంపారు. కానీ సాక్ష్యం చెప్పేశానే! ఇప్పుడు ఆసుపత్రికి వెళితే దేవుని పేరుకు మచ్చ అనుకుని, నా భార్య సునీతకు కూడా చెప్పకుండా, ప్రార్థన చేయించి తెచ్చుకున్న కొబ్బరినూనె గాయంలో పోసుకుంటూ, "ప్రభువా, నా మాట నిలబెట్టు" అని వేడుకున్నాను. చూడండి, ఆయన మాట కాదు, నా మాట!

నాలుగో రోజు తెలంగాణ బంద్. నిజాంపేటలో బస్సు లేదు, ఆటో లేదు. మాదాపూర్‌లో నేను చూసుకునే క్యాంటీన్ కూడా మూతే. మా ఇంటి ఓనరు యాదమ్మక్క రోడ్డు మీద వంటావార్పుకు బియ్యం పట్టుకుని బయల్దేరుతూ, మెట్ల మీద వంగి కూర్చున్న నన్ను చూసి నుదురు ముట్టుకుంది.

"ఏంది తమ్మీ, ఒళ్లు కాలిపోతున్నది! అంగీకి గా తడేంది?"

ఏడుస్తూ అంతా చెప్పాను. ఆ ఏడుపుకు బయటికి వచ్చిన సునీత కూడా వింది.

"ఇజ్జత్ కోసం సావమన్నడా మీ దేవుడు? నడువు దవాఖానకు. తొవ్వల పోరగాండ్లు ఆపుతే నేను మాట్లాడ్త. నువ్వైతే నోరు తెరవకు, 'అండీ' అంటవ్, ఆంధ్రోనివని తెలిసిపోతది."

సునీత స్కూటీ నడిపింది, నేను వెనక కూర్చున్నాను, చౌరస్తా దాకా అక్క బియ్యం సంచితోనే ముందు నడిచింది. అక్కడ ఆమె చెప్పగానే కుర్రాళ్లు అడ్డం పెట్టిన రాళ్లు జరిపి దారి ఇచ్చారు. ఉండబట్టలేక "థాంక్సండీ" అనేశాను. అందరూ ఘొల్లున నవ్వారు! "పో అన్నా, జల్ది మంచిగై రా" అని ఒకడు చెయ్యి ఊపాడు.

డాక్టరుగారు రెండు కుట్లు విప్పి చీము తీసేశారు. ఇంకా ఆగి ఉంటే లోపలికి పాకేదన్నారు, గాయానికి నూనె తగలనివ్వొద్దన్నారు. ఆ బల్ల మీదే, "తండ్రీ, నీ పేరు చెప్పి నా పరువు కాపాడుకున్నాను, క్షమించు" అని ప్రార్థించాను. ఎన్నాళ్లకో మనసు తేలికపడింది!

ప్రియులారా, ఇవాళ కూడా నేను పూర్తిగా స్వస్థపడలేదు. చొక్కా కింద కట్టు ఉంది, గాయం అడుగు నుంచి మెల్లగా పూడుతోంది, దేవునికే మహిమ! మీలో ఎవరైనా జబ్బు దాచుకుని నవ్వుతూ కూర్చున్నారా? మన మాట నెగ్గాలని కాదు, మనం బతకాలని ఆయన కోరిక. ఆయన్ని నమ్మండి. ప్రార్థన చేయండి, చేసి లేచి, ఆ నొప్పి ఎక్కడో ఇంట్లోవాళ్లకు చూపించండి.